దారం లేని బంతి

పోయినవి మొత్తం నలభై మూడు. సిగరెట్టు పెట్టెలో పట్టేంత చిన్న కార్డులు పంతొమ్మిది, వెనక చిరునామా గీతలున్న పోస్టుకార్డు ఫోటోలు పద్నాలుగు, వీపున పెన్సిలు రాతలూ సిరా ముద్రలూ ఉన్న పత్రికల ఫోటోలు తొమ్మిది. ఇవి నలభై రెండు. మందపాటి అట్టకు అంటించిన స్టూడియో ఫోటో ఇంకొకటి. దాన్ని కలిపితే నలభై మూడు. అవి దాచిన పెట్టెలో మొదట ఉన్నవి అరవై కాబట్టి దెబ్బ తగలకుండా మిగిలినవి పదిహేడు. అన్నీ వందేళ్ళ పైబడినవి, అన్నీ అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట పుట్టిన కొత్తలో దాన్ని ఆడి పేరు తెచ్చుకున్న మగవాళ్ళవి. ఆ ఆట నేను ఈ రోజుకీ కళ్ళతో చూడలేదు. అయినా ఈ లెక్క పద్నాలుగేళ్ళుగా నా తలలో ఉంది.

పోయిన శుక్రవారం దాన్ని మళ్ళీ మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది. మావాళ్ళు ఎక్కువగా ఉండే హసావి పేట నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ మా రాయచోటి ఆయన ఒకడు ముప్పై ఏళ్ళుగా జిరాక్సు, లామినేషను షాపు నడుపుతున్నాడు. ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. ఇద్దరం ఒకే బస్టాండులో బస్సెక్కి వచ్చినవాళ్ళం, అంతే. కువైట్‌లో అది చిన్న చుట్టరికమేమీ కాదు. "అన్నా, షాపు ఖలాస్. ఈ నెలాకరికి తాళం. అందరి కార్డులూ ఫోన్లోకి ఎక్కిపాయ, ఇంగ నా దెగ్గరికి ఎవురొస్తారు? సొరుగులు ఖాళీ చేస్తాంటే నీకు పనికొచ్చేది ఒగటి దొరికింది. వచ్చి తీస్కపో" అన్నాడు. ఏమిటని అడిగితే చెప్పలేదు. వెళ్ళాను. లామినేషను యంత్రాన్ని గుమ్మం బయట పెట్టి ఉంచాడు, పాత ఇనుము కొనేవాళ్ళ కోసం. ఆ యంత్రం మింగినవే ఆ నలభై మూడూ. మింగించింది నేనే.

మావాళ్ళకు ఇక్కడికి వచ్చాక ఒక అలవాటు పడుతుంది. ఏ కాగితమైనా విలువైనదని తోస్తే చాలు, దానికి ప్లాస్టిక్ వేయిస్తాం. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు నకలు, పదో తరగతి మార్కుల పట్టీ, నిఖానామా, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు, మక్కా పటం, ఊళ్ళో డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ. నా గదిలో ఒకాయన పెళ్ళయిన కొత్తలో భార్య రాసిన మొదటి ఉత్తరానికి కూడా వేయించాడు. వేయించాక తెలిసింది, ఇక దాన్ని మడవడం కుదరదని. దిండు కింద పెడితే టపటపమంటుంది, పెట్టెలో పట్టదు. చివరికి గోడకు ఆనించి పెట్టాడు. గదిలో ఉన్న ఏడుగురమూ చదివాం. నవ్వుకున్నా, ఎవరం తప్పు పట్టలేదు. చెమట, దుమ్ము, పైన కారే ఏసీ నీళ్ళు, వీటి మధ్య కాగితం బతకాలంటే మాకు తెలిసిన మార్గం అదొక్కటే. ఒక వస్తువుకు ప్లాస్టిక్ వేయించామంటే దాన్ని మేం గౌరవించామని అర్థం. ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నేను చదివింది ఐదో తరగతి. మిగతా లెక్కలు టమోటా మండీలో కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. కాగితం లేకుండా, వేళ్ళు మడవకుండా చెయ్యాలి. ఆలస్యమైతే రైతూ తిడతాడు, వ్యాపారీ తిడతాడు. ఆ చదువుతోనే కువైట్ వచ్చి జాబ్రియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరాను. ఇంటి పెద్దాయనను బాబా అనీ ఆయన భార్యను మామా అనీ పిలవడం ఇక్కడి పద్ధతి. వంటింట్లో గోదావరి జిల్లా అక్క ఒకామె ఉండేది. నాకంటే రెండేళ్ళ ముందు చేరింది కాబట్టి ఇంట్లో నా మీద ఆమెకు పెత్తనం ఉండేది. ఆదివారం చర్చికి నేనే తీసుకెళ్ళాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా దారి పొడుగునా నా గురించి ప్రభువుకు ఫిర్యాదు చేస్తూ వచ్చేది, నాకు వినబడేలా.

బాబా వయసులో ఉండగా అమెరికాలో చదువుకున్నాడు. మొదటి చలికాలం భాష తెలియక, మంచులో బయటికి వెళ్ళలేక గదిలో కూర్చుంటే, ఆ ఇంటి ముసలి యజమాని ఎండలు రాగానే ఈయనను బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్ళాడట. "అంతా అరుస్తున్నారు, నాకు ఏమీ అర్థం కాలేదు. అంకెలు మాత్రం అర్థమయ్యాయి" అనేవాడు బాబా. చదువు ముగించుకుని వచ్చేటప్పుడు ఆ ముసలాయన చేతిలో ఒక పాత ఆటగాడి ఫోటో పెట్టాడు. అక్కణ్ణుంచి మొదలు. పదవి నుంచి విరమించాక ఏడాదికి నాలుగైదుసార్లు అమెరికా నుంచి పార్సిలు వచ్చేది. దాన్ని తీసుకురావడం నా పని. కారులోనే విప్పి చూసేవాడు, ఇంటికి చేరేదాకా ఆగలేక. చేతికి తొడుగు లేకుండా బంతి పట్టే రోజుల్లో ఆడినవాళ్ళ ఫోటోలంటే ఆయనకు మరీ మక్కువ. తొడుగు వచ్చాక ఆట సుఖపడిందనేవాడు.

నాకు ఆ పేర్లు పలకడం రాదు కాబట్టి నా పేర్లు నేను పెట్టుకున్నాను. ఒకడు దువ్వెన మీసం. ఒకడు పెళ్ళికొడుకు, ఎందుకంటే కుర్చీ మీద చెయ్యి వేసి, దుడ్డుకర్రలాంటి బ్యాటు పక్కన పెట్టుకుని, ఎవరో బలవంతంగా నిలబెట్టినట్టు ఉంటాడు. అట్టకు అంటించిన వాటిలో ఒకాయన బాబాకు ప్రాణం. రెండు చేతులూ పైకెత్తి బంతి పట్టుకోబోతుంటాడు, వెనక తెర మీద పూలతోట బొమ్మ. నేను పాస్‌పోర్టు కోసం ఫోటో దిగిన రాయచోటి స్టూడియోలో కూడా తెర ఉండేది, దాని మీద సరస్సు, సరస్సులో పడవ. అందుకే నా కళ్ళు మనిషిని వదిలి తెర మీదికి పోయాయి. "బాబా, ఈ బంతికి దారముంది" అన్నాను. నిజంగానే ఉంది. ఆ కాలపు కెమెరాకు కదిలే బంతి చిక్కదు కాబట్టి, స్టూడియోవాళ్ళు దాన్ని దారంతో పైనుంచి వేలాడగట్టి, పట్టుకుంటున్నట్టు నిలబడమనేవారు. బాబా నా వైపు తిరిగి, "నా కొడుకులు ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా చూస్తున్నారు, ఒక్కడికీ కనబడలేదు" అన్నాడు.

ఆ తరవాత కార్డుల వెనక ఉన్న అంకెలు నాకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. మేం మాట్లాడుకున్నది అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు కలిపిన భాషలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఒకసారి దువ్వెన మీసం కార్డు చూసి, "ఐదువందల పన్నెండుసార్లు కొట్టడానికి వెళ్ళాడు, నూటడెబ్భై రెండుసార్లు కొట్టాడు" అని పెన్సిలు కోసం వెతుకుతున్నాడు. "వెయ్యికి మూడువందల ముప్పై ఆరు" అన్నాను అద్దంలోంచి. పెన్సిలు దొరికాక వేసి చూసుకున్నాడు. అప్పటినుంచి వెనక సీటు వదిలి ముందు సీట్లోకి వచ్చి కూర్చునేవాడు. కానీ నాకు ఆ ఆట న్యాయం నచ్చలేదు.

"బాబా, వెయ్యికి మూడువందలంటే ఏడువందలసార్లు ఉత్త చేతులతో వెనక్కి వచ్చినట్టే కదా. ఇంత మంచి ఫోటో ఎందుకు తీశారు వీడికి? మా ఊళ్ళో అయితే జట్టులోంచి తీసేస్తారు."

"అందుకే మీ ఊరి ఆటగాళ్ళ ఫోటోలు మిగల్లేదు" అన్నాడు బాబా.

పద్నాలుగేళ్ళ కిందట ఆయనకు గుండె ఆపరేషను అవసరమైంది. మామాను తీసుకుని లండన్ వెళ్ళాడు. విమానాశ్రయం దగ్గర కారు దిగేముందు ఫోటోల పెట్టె ఉండే గది తాళం చెవి నా చేతిలో పెట్టి, "దీర్ బాలక్" అన్నాడు, జాగ్రత్త అని. కొడుకులకు ఇవ్వలేదు, నాకిచ్చాడు. ఆ రెండు మాటలే నా కొంప ముంచాయి. ఇక్కడ ఎండలు తగ్గేముందు కొన్ని వారాలు గాలంతా తడిగా ఉంటుంది, కారు అద్దాలు బయటివైపు చెమరుస్తాయి. సరిగ్గా అప్పుడే ఆ గదిలో ఏసీ చెడిపోయింది. బాగుచేసేవాడు రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతున్నాడు. ఒక పొద్దున తుడవడానికి వెళ్ళిన అక్క కేక పెట్టింది.

"తమ్ముడూ, ఇలా రా! గోడలకి నీరు దిగతంది. పెట్టెలో కాగితాలు తినే ఎండిపురుగులు తిరుగుతున్నాయి. బాబా వచ్చాక నన్నడిగితే ఏం చెప్పను? నీకే కదా తాళం ఇచ్చాడు!"

చూశాను. పెట్టెలో ప్రతి ఫోటో వట్టి కాగితపు కవరులో ఉంది. ఇంత ఖరీదైనవి, ఇంత చదువుకున్నాయన, కాగితపు కవర్లా! నాకు బాబా మీద జాలేసింది. ఈ పని ఎలా చెయ్యాలో పాపం ఆయనకు చెప్పినవాళ్ళు లేరనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆపరేషను అయిన మనిషికి ఫోన్ చేసి పురుగుల సంగతి చెబుతామా? అరవై ఫోటోలూ లెక్కపెట్టి, తువ్వాలులో చుట్టి, నా సొంత డబ్బుతో హసావి తీసుకెళ్ళాను.

"ఏందన్నా ఇవి, యా కాలం మనుసులు? మీ సేటు తాతలా?" అన్నాడు షాపాయన.

"తాతలకంటే ఎక్కువ. ఆయప్ప పానం ఈటిల్లోనే ఉండాది. జాగర్తగా ఎయ్యప్పా."

"నా మిషన్లో పడినాక నూరేండ్లు చూడనక్కర్లేదు పో."

నలభై రెండూ ఒకదాని వెనక ఒకటి వెచ్చగా, మెరుస్తూ బయటికి వచ్చాయి. ఒక్కొక్కటీ వస్తుంటే తాళం చెవికి నేను న్యాయం చేస్తున్నాననిపించింది. మిగిలిన పద్దెనిమిదీ అట్ట ఫోటోలు. అవి పట్టవేమోనని ఆయన సందేహించాడు. అట్ట చీల్చి పై పొర ఒక్కటి ఇస్తే వేస్తానన్నాడు. అందుకు నేను ఒప్పుకోలేదు. ఒకటి అట్టతోనే తోసి చూడమన్నాను. చేతికి మొదట వచ్చింది దారం బంతి ఆయన. సగం లోపలికి వెళ్ళి ఆగింది. కాలిన వాసన వచ్చింది. ఆపి, ఇటునుంచి లాగేసరికి పైభాగం లోపలే ఉండిపోయింది. చేతికి వచ్చిన ముక్కను దాని కవరులోనే పెట్టి జేబులో వేసుకున్నాను. మిగిలిన పదిహేడింటినీ తువ్వాలులో చుట్టుకుని వచ్చేశాను. ఆ పదిహేడు బతకడానికి కారణం నా జాగ్రత్త కాదు, అట్ట మందం.

ఇంటికి వచ్చి అక్కకు చూపించాను. "ఎంత బాగున్నాయి తమ్ముడూ! అద్దంలా మెరుస్తన్నాయి. చూస్తా ఉండు, బాబా నీకు టిక్కెట్టు తీసి మరీ ఊరు పంపుతాడు" అంది. చిరిగినదాన్ని మాత్రం ఆమెకు చూపించలేదు. బాబా లండన్ నుంచి వచ్చేదాకా, ఆ నెలా పది రోజులూ, నాకు దిగులంతా ఆ ఒక్కదాని గురించే. నలభై రెండు మంచిపనులు చేశాను, ఒకటి చెడింది, కాబట్టి క్షమిస్తాడని లెక్క వేసుకునేవాణ్ణి. ఆ లెక్క వేసింది నేనే అని ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

బాబా సగమై తిరిగొచ్చాడు. మూడోనాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక హాల్లో కూర్చుని పెట్టె తెమ్మన్నాడు. నేను తెచ్చి ముందు పెట్టి, మెచ్చుకుంటాడని కాస్త దూరంలో నిలబడ్డాను. వంటింటి గుమ్మంలో అక్క. బాబా మొదటిది తీశాడు. ఎప్పటిలాగే అంచులు పట్టుకున్నాడు. పైనున్న లైటు ప్లాస్టిక్ మీద పడి తళతళలాడింది, ముఖం కనబడలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మూలన గోరుతో గీకాడు. రెండోది తీశాడు. నేను లెక్కపెట్టాను, నలభై రెండూ ఒక్కొక్కటిగా చూశాడు. చివరికి మామాతో మెల్లగా చెప్పాడు. వేడికి బొమ్మ మాడిందనీ, ప్లాస్టిక్ పీకితే బొమ్మ దానితోపాటే వచ్చేస్తుందనీ, అమ్మినవాళ్ళకే తిరిగి ఇస్తామన్నా ఇప్పుడు తీసుకోరనీ. "వందేళ్ళ నుంచి గాలి పీలుస్తున్నారు వీళ్ళు" అన్నాడు.

మామా లేచి నిలబడింది. "ఖలాస్. రేపే వీడి ఇఖామా రద్దు చేయించండి. టికెట్టు కొనిచ్చి పంపేద్దాం" అంది.

నేను గర్వపడిందే నేరమని అప్పుడు తెలిసింది. ఇంక దాచడానికి ఏముంది? జేబులోంచి కవరు తీసి, చిరిగిన అట్ట బాబా ముందు పెట్టాను. "ఇది కూడా నేనే బాబా. నలభై మూడు" అన్నాను.

ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. చిరుగు సరిగ్గా బంతికి పైన, బియ్యపుగింజంత దూరంలో ఆగింది. పూలతోట తెర సగం లేదు, పైకప్పు లేదు, దారం లేదు. కింద మనిషి ఉన్నాడు, ఎత్తిన చేతులున్నాయి, వాటి మీద బంతి ఒక్కటీ గాల్లో ఉంది. బాబా భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. గుండె మీద కుట్లు లాగుతున్నాయేమో, దిండు అదిమిపెట్టుకుని మరీ నవ్వాడు. "చూడు, చూడు! వందేళ్ళకు దారం తెగింది! ఇప్పుడు నిజంగా పట్టుకుంటున్నాడు!" అని మామాకు చూపించాడు. ఆమె నవ్వలేదు.

నవ్వు ఆగాక నన్ను కూర్చోమన్నాడు. "టికెట్టు లేదు, ఏమీ లేదు. నువ్వు నాకు నలభై మూడు ఫోటోలు బాకీ. అమెరికావి నువ్వు తేలేవు. శుక్రవారం మీవాళ్ళు ఇసుకలో ఆడతారని చెప్పావు కదా, అక్కడ మొదట ఆడినవాళ్ళవి తీసుకురా. ఫోన్లోవి కాదు, కాగితం మీద ఉన్నవి. వెనక వాడి లెక్క నీ చేత్తో రాయాలి." తలుపుదాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, "ప్లాస్టిక్ వద్దు" అన్నాడు.

వంటింట్లో అక్క నాకు నీళ్ళిచ్చింది. నేను తాగేదాకా ఆగి, "మీ కడపోళ్ళు ప్లాస్టిక్ ఎయ్యనిది ఇంకేమైనా మిగిలిందా తమ్ముడూ? నన్ను కూడా ఏయించేస్తావేమో అని భయమేస్తంది" అంది. ఆమె బాప్తిస్మం సర్టిఫికెట్టుకు పోయిన ఏడాది నేనే వేయించి తెచ్చిన సంగతి గుర్తు చేయలేదు.

ఇసుకలో ఆట గురించి చెప్పాలి. జలీబ్ వెనక ఖాళీ జాగాలో శుక్రవారం తెల్లారగానే మావాళ్ళు క్రికెట్ ఆడేవారు. రంగు డబ్బాలే వికెట్లు, టేపు చుట్టిన టెన్నిసు బంతి. నాకు ఆడడం రాదు. రెండుసార్లు దిగాను, రెండుసార్లూ సున్నా. అందుకని పాత క్యాలెండరు కాగితాల వెనక పరుగులు రాసే పని నాకిచ్చారు. ఆ కాగితాలు నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఫోటోలు మాత్రం ఎవరి దగ్గర ఉన్నాయి? ఎవరో ఒకడు కెమెరా తెచ్చేవాడు, తీసినవి ఇంటికి పంపేవాళ్ళు, ఆడినవాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. రాయచోటికీ, కడపకూ, హైదరాబాదుకూ ఫోన్లు చేశాను. "ఏందప్పా, నీకు వేరే పనే లేదా, యానాటి ఫోటోలు ఇప్పుడు" అని తిట్టి, నెల తరవాత ఎవరి లగేజీలోనో పంపేవాళ్ళు. మొదటిది ఇస్త్రీ షాపు ఎడమచేతి ఆయనది. కబ్ద్‌లో గొర్రెలు కాసే ఒకాయన చెప్పుల్లేకుండా బంతి వేసేవాడు, ఆయనది తొమ్మిదోది. బాబా ముందు బొమ్మ చూసేవాడు, తరవాత వీపు చదివేవాడు, తరవాత "ఇప్పుడెక్కడున్నాడు?" అనేవాడు. లోపల పెట్టేముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "కమ్ బాకీ?" ఇంకా ఎన్ని అని. నేను అంకె చెప్పేవాణ్ణి.

ఆయన అన్నిటికంటే ఎక్కువగా అడిగింది వఫ్రా ఆయన గురించి. వఫ్రాలో పందిళ్ళ కింద కీరకాయలు పండించే మనిషి. అక్కణ్ణుంచి బస్సుల్లేవు. కూరగాయల లారీలో తెల్లారేసరికి వచ్చి, అదే లారీలో తిరిగిపోవాలి. నాలుగు ఆటలే ఆడాడు. నాలుగో ఆటలో అరవై ఒక్క పరుగుల మీద ఉండగా రోడ్డు మీద లారీ హారను కొట్టింది. బ్యాటు కింద పడేసి పరుగెత్తాడు. ఔటెలా అని రాసే చోట ఏం రాయాలో తెలియక నేను 'లారీ' అని రాశాను. ఆ తరవాత ఆయన మళ్ళీ రాలేదు, ఊరికి వెళ్ళిపోయాడన్నారు. ఈ సంగతి వినగానే బాబా నిటారుగా కూర్చున్నాడు.

"లారీ ఔట్ చెయ్యదు. నూటనలభై ఎనిమిది పరుగులు, మూడుసార్లే ఔట్. నలభై తొమ్మిదీ మూడోవంతు."

"లేదు బాబా. మైదానం వదిలాడంటే ఔటే. నాలుగుతో భాగించాలి. సరిగ్గా ముప్పై ఏడు."

"నీకు జాలి లేదు."

"లెక్కకు జాలేంటి బాబా?"

ఆరేళ్ళు వాదించుకున్నాం ఈ ఒక్క దాని మీద, సిగ్నళ్ళ దగ్గర, ఆసుపత్రి వరండాల్లో, జమియాలో పాలు కొంటూ. "ఫోటో తీసుకురా, ముఖం చూసి చెబుతాను ఔటో కాదో" అనేవాడు. ఆ ఫోటో దొరకలేదు.

ఈలోగా నాకు తెలియని పని ఒకటి జరుగుతూ వచ్చింది. సాయంత్రాలు దివానియాకు, అంటే మగవాళ్ళు కూడి కబుర్లు చెప్పుకునే హాలుకు, బాబా ఆ నలభై రెండు మెరుపు ముక్కల్నీ తీసుకెళ్ళేవాడు. అట్ట ఫోటోలు పదిహేడూ పెట్టెలో చీకట్లో ఉండేవి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. వీటికి మాత్రం ఏమైనా కావడానికి ఇక ఏమీ మిగల్లేదు కదా. ఖర్జూరం వేళ్ళతో పట్టుకునేవారు, వాటి మీద టీ గ్లాసులు పెట్టేవారు, మనవలు పరిచి ఆడుకునేవారు. పెళ్ళికొడుకు మీద ఒకరోజు చాయ్ ఒలికితే బాబా చేతిరుమాలుతో ఒక్కసారి తుడిచి నా వైపు చూశాడు. "ఒప్పుకుంటాను, దీనికి పనికొస్తుంది" అన్నాడు. చెడగొట్టినవాణ్ణి నేను కాబట్టి నాకది ఓదార్పుగా తీసుకునే హక్కు లేదు. అయినా తీసుకున్నాను.

బాబా పోయేనాటికి ఇరవై నాలుగు ఇచ్చాను. ఇరవై ఐదోది ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. మామా ఇద్దత్‌లో కూర్చుంది, నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాడి కంట పడకూడదు. ఆ ఫోటో ఏం చెయ్యాలో తెలియక పదకొండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. చివరికి అక్క నా చేతిలోంచి లాక్కుని లోపలికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది.

"తీసుకుంది. ముందు బొమ్మ చూసింది, తరవాత ఎనక్కి తిప్పి చూసింది. ఇంకా ఎన్ని అని అడుగుతుంది తమ్ముడూ. ఏం చెప్పను?"

"పద్దెనిమిది అని చెప్పక్కా" అన్నాను. అక్క లోపలికి వెళ్ళేదాకా ఆగి, కారులో కూర్చుని ఏడ్చాను.

ఆ తరవాత ఎనిమిదేళ్ళలో ఇంకో ఐదు మాత్రమే దొరికాయి. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు కొడుకులు, కోడళ్ళు. పాత పెట్టెలు ఇల్లు కట్టేటప్పుడు పోయాయంటారు, వానలో తడిశాయంటారు. మూడేళ్ళ కిందట అక్క కూడా మోకాళ్ళ నొప్పులతో ఊరికి వెళ్ళిపోయింది. ఇంట్లో ఇప్పుడు మామా, నేనూ, కొత్తగా వచ్చిన వంటమనిషీ.

పోయిన శుక్రవారం షాపాయన నా చేతిలో పెట్టిన కవరు దుమ్ముతో గట్టిపడి ఉంది. పైన ఆయన రాతలోనే 'లామినేషను, ఒకటి' అని ఉంది. "ఎవురో ఇచ్చిపాయ, మళ్ళా రాలేదు. మనిషొస్తే అప్పుడేద్దాంలే అని సొరుగులో పడేసినా. ఆట ఫోటో గదా అని నిన్ను పిలిస్తి. చూడు, మధ్యలో ఏందో మచ్చ కూడా ఉండాది" అన్నాడు. తీసి చూశాను. ఇసుక, రంగు డబ్బాలు, ఒంటికాలి మీద తిరిగి బ్యాటు ఎత్తిన మనిషి. రోడ్డు అంచున లారీ. వఫ్రా ఆయన తన ఫోటోకు ప్లాస్టిక్ వేయించుకుందామని ఇచ్చి, లారీకి వేళయి వెళ్ళిపోయాడన్న మాట. మచ్చ అనుకున్నది మచ్చ కాదు. బంతి.

గదికి వచ్చి ఫోటో బోర్లించి, పెన్ను తీసుకున్నాను. ఆటలు నాలుగు, పరుగులు నూటనలభై ఎనిమిది అని రాశాను. ఔట్లు అన్న చోట నాలుగు రాస్తే నా లెక్క, మూడు రాస్తే బాబాది. ముఖం చూసి చెబుతానన్నాడు కదా అని మళ్ళీ తిప్పి ముఖం చూశాను. వెళ్ళాలని లేని ముఖం అది. మూడు అని రాశాను. కింద నలభై తొమ్మిదీ మూడోవంతు అని రాశాను. మండీ రోజుల నుంచి ఇప్పటిదాకా నేను ఎదుటివాడి మాట మీద దిద్దిన లెక్క ఇదొక్కటే.

మరునాడు మామాకు ఇచ్చాను. ఆమెకు చూపు తగ్గింది. బాబా భూతద్దం తెప్పించుకుని, ఫోటోను దీపం కింద పెట్టి, బంతి దగ్గర్నుంచి పైకి, పై అంచు దాకా, మెల్లగా వెతికింది. దేనికోసం వెతుకుతుందో నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

"దారం ఏది?" అంది.

"దీనికి లేదు మామా."

తల ఊపింది. ఒకనాడు నా ఇఖామా రద్దు చేయించమన్న మనిషి, ఆ ఫోటోను అంచులు పట్టుకుని, కాగితపు కవరులో పెట్టి, పెట్టె మూత వేసింది. వేశాక అడిగింది. "కమ్ బాకీ?"

నూరేళ్ళు చూడనక్కర్లేదన్న షాపు ముప్పై ఏళ్ళకు మూతపడింది. బాబా డెబ్భై తొమ్మిదేళ్ళు ఉన్నాడు. వఫ్రా ఆయన ఆ ఇసుకలో నాలుగు శుక్రవారాలే ఉన్నాడు. మామాకు, నాకు, ఊళ్ళల్లో అటకల మీద మిగిలిన ఆ కాస్త కాగితానికి ఇంకా ఎంత కాలముందో, అది నాకు చేతకాని లెక్క. చేతనైన లెక్క ఆమెకు చెప్పాను. పన్నెండు.